వేరు చేసే జబ్బు: ఫాదర్ డామియన్ జీవితం

గల్ఫ్‌కి వచ్చినవాళ్లకి మెడికల్ అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనపడితే చాలు, అన్‌ఫిట్ అని ముద్ర పడుతుంది. ఏజెంటుకి కట్టిన డబ్బు రాదు, ఊళ్లో చేసిన అప్పు పోదు. అదే జబ్బు ఇక్కడికొచ్చి అకామా కొట్టించుకున్నాక బయటపడితే ఇంకా కష్టం. రూమ్‌లో మీ మంచం ఒక మూలకి జరుపుతారు. గ్లాసు వేరు చేస్తారు. నిన్నటిదాకా కలిసి వండుకున్నవాళ్లే కళ్లు తప్పించుకుంటారు.

దాని వెనకాలే మాటలు వస్తాయి. ఏదో పాపం చేశావు, దేవుడు శిక్షించాడు అని ఒకరంటారు. నీ విశ్వాసం చాల్లేదంటారు ఇంకొకరు. ఇది దేవుని చిత్తం, మాత్రలు మానేసి ఉపవాస ప్రార్థనలో కూర్చో అనేవాళ్లూ ఉన్నారు. మా వాలంటీర్లకి వచ్చే ఫోన్లలో షుగర్, కిడ్నీ, టీబీ ఉన్నవాళ్లవి చాలా ఉంటాయి. అందులో సగం మందికి జబ్బు కన్నా ఈ మాటలే ఎక్కువ బరువు. అందుకే ఈసారి చట్టాలు, ఫారాలు పక్కన పెట్టి ఒక మనిషి గురించి రాస్తున్నాను. చర్చికి వెళ్లేవాళ్లే చదవాలని లేదు, ఎవరైనా చదవచ్చు.

ఆయన పేరు ఫాదర్ డామియన్. అసలు పేరు యోసేఫ్ డి వ్యూస్టర్. 1840 జనవరి 3న బెల్జియం దేశంలో ట్రెమెలో అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రిది వ్యవసాయం, ధాన్యం వ్యాపారం. కొడుకు వ్యాపారం చూసుకుంటాడని ఆశ పెట్టుకున్నాడు. కానీ అన్న పాంఫీల్ అప్పటికే మఠంలో చేరి ఉన్నాడు, తమ్ముడు కూడా 1859లో లూవెన్ పట్నంలో అదే మఠానికి వెళ్లిపోయాడు. డామియన్ అనే పేరు అక్కడ తీసుకున్నదే. చదువు తక్కువ, లాటిన్ రాదు, నువ్వు ఫాదర్‌వి కాలేవు, పనులు చూసుకునే బ్రదర్‌గా ఉండు అన్నారు పెద్దలు. అన్న దగ్గర కూర్చుని లాటిన్ నేర్చుకున్నాడు. పది పన్నెండు దగ్గర చదువు ఆపేసిన నాలాంటివాళ్లకి ఈ ముక్క కొంచెం ధైర్యం ఇస్తుంది, అందుకని చెప్పాను.

1863లో ఆ మఠం వాళ్లు పసిఫిక్ సముద్రంలో ఉన్న హవాయి దీవులకి మనుషుల్ని పంపుతున్నారు. వెళ్లాల్సింది అన్న పాంఫీల్. బయల్దేరే ముందు ఆయనకి టైఫస్ జ్వరం పట్టుకుంది. తమ్ముడు దగ్గరున్న పెద్దల్ని అడక్కుండా, పారిస్‌లో ఉన్న పైపెద్దకే నేరుగా ఉత్తరం రాసి, అన్న బదులు నన్ను పంపండి అని అడిగాడు. ఒప్పుకున్నారు. తల్లి దగ్గర సెలవు తీసుకుని జర్మనీ రేవులో ఓడ ఎక్కాడు. 1864 మార్చి 19న హోనొలులులో దిగాడు. నాలుగు నెలల పైనే పట్టిన ప్రయాణం. మే నెలలో అక్కడే గురుపట్టాభిషేకం అయింది. అప్పుడు 24 ఏళ్లు. మళ్లీ ఇంటికి వెళ్లలేదు, తల్లిని చూడలేదు.

మొదటి తొమ్మిదేళ్లు హవాయి పెద్ద దీవిలో పనిచేశాడు. గుర్రం మీదో, నడిచో కొండలు దాటి ఊళ్లు తిరగడం, హవాయి భాష నేర్చుకోవడం, తన చేత్తోనే చెక్క గుళ్లు కట్టడం. వడ్రంగం బాగా వచ్చు. తర్వాత జీవితంలో బోధన కన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ వడ్రంగమే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు జబ్బు సంగతి. బయటినుంచి వచ్చిన ఓడలతో పాటు హవాయికి కొత్త కొత్త రోగాలు వచ్చాయి, స్థానిక జనం వేలల్లో చనిపోయారు. వాటిలో ఒకటి కుష్టు. 1865లో రాజు ఐదవ కమెహమెహా కాలంలో చట్టం చేశారు. కుష్టు అని తేలితే పట్టుకుని మొలొకై దీవిలో ఒక మూలకి పంపించడం, మళ్లీ బయటికి రాకుండా చూడటం. 1866 జనవరిలో మొదటి జట్టుని దింపారు. ఆ చోటికి మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు ఆకాశం అంత ఎత్తు కొండగోడ. జైలు కట్టే పని కూడా లేదు.

పట్టుకుపోయేది పోలీసులు. భార్యని వదిలి భర్త, పిల్లల్ని వదిలి తల్లి, కొన్నిసార్లు పిల్లలే ఒంటరిగా. అందుకే హవాయి జనం ఆ జబ్బుకి పెట్టుకున్న పేర్లలో ఒకదానికి అర్థం వేరు చేసే జబ్బు అని. ఒంట్లో ఏం చేస్తుందన్నది కాదు, ఇంట్లో ఏం చేస్తుందన్నది చూసి పెట్టిన పేరు. అయితే అందరూ విడిపోలేదు. జబ్బు లేకపోయినా మనిషిని వదల్లేక వెంట వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లని కోకువా అనేవాళ్లు, అంటే తోడు. జొనాథన్ నాపెలా అనే పెద్దమనిషి, మార్మన్ సంఘానికి చెందినవాడు, భార్య కిటీకి జబ్బు వస్తే ఆమెతో పాటే వెళ్లిపోయాడు. తర్వాత ఆయనకీ అంటుకుంది. 1879లో భార్య కన్నా ముందే పోయాడు. డామియన్‌కి ఆయన స్నేహితుడు, సంఘాలు వేరైనా. డామియన్ కథ చెప్పేవాళ్లు వీళ్లని మర్చిపోతుంటారు. డామియన్ రాకముందే అక్కడి రోగులు తామే సైలోవామా అనే ప్రొటెస్టెంట్ సంఘం పెట్టుకున్నారు. ఆయన వచ్చేదాకా అక్కడ దేవుడు లేడని ఎవరైనా చెబితే నమ్మకండి.

1873లో బిషప్ మెగ్రే తన ఫాదర్లని అడిగాడు. వెళ్లమని ఆజ్ఞ ఇవ్వలేదు, ఎందుకంటే అది చావుకి పంపడమే అని ఆయనకి తెలుసు. నలుగురు ముందుకొచ్చారు. వంతులవారీగా కొన్నాళ్లు ఒకరు, కొన్నాళ్లు ఇంకొకరు ఉండొచ్చు అనుకున్నారు. మొదటి వంతు డామియన్‌ది. మే 10న పశువులతో, కొత్తగా పట్టుకొచ్చిన రోగులతో నిండిన ఓడలో దిగాడు. వయసు 33. కొన్ని వారాల డ్యూటీ అని వెళ్లినవాడు పదహారేళ్లు ఉండిపోయాడు. రెండేళ్ల కాంట్రాక్టు అని వచ్చి పద్దెనిమిదేళ్లైన మనవాళ్లు ఇక్కడ బోలెడు మంది, కానీ ఆయన్ని ఆపింది అప్పు కాదు, పాస్‌పోర్టు దాచిన కఫీలూ కాదు. కొద్ది రోజులకే తనని అక్కడే ఉండనివ్వమని తనే రాసి అడిగాడు.

ఉండటానికి ఇల్లు లేదు. చిన్న గుడి పక్కన ఒక చెట్టు కింద పడుకున్నాడు. మన కోనసీమ కాలవ గట్ల మీద ఉండే మొగలి జాతి చెట్టే అది. ఆ చెట్టుని గుర్తు పెట్టుకోండి.

అక్కడి పరిస్థితి ఎలా ఉందంటే, వందల మంది రోగులు, దగ్గరే ఉండి చూసే డాక్టరు లేడు. గడ్డి గుడిసెలు. నీళ్లు దూరం నుంచి మోసుకురావాలి, వేళ్లు పోయినవాళ్లు ఎలా మోస్తారు? డబ్బున్నవాడు చస్తే పెట్టె, లేనివాడు చస్తే గుడ్డలో చుట్టి లోతు లేని గొయ్యి. పందులు తవ్వేవి. గుడిసెల్లో పుండ్ల వాసన భరించలేక డామియన్ చుట్ట గొట్టం కాల్చడం మొదలుపెట్టాడు. మొదట్లో కడుపులో తిప్పి బయటికి పరుగెత్తేవాడినని తనే రాసుకున్నాడు.

ఆయన ముందు ప్రసంగాలు మొదలుపెట్టలేదు. పెట్టెలు చేశాడు. శవపేటికలు. గోతులు తవ్వాడు, స్మశానానికి కంచె వేశాడు. పైపులు తెప్పించి కొండ వాగు నుంచి నీళ్లు ఇళ్ల దగ్గరికి తెచ్చాడు. 1874లో పెద్ద గాలివాన గుడిసెల్ని లేపేస్తే, ప్రభుత్వం దగ్గర చెక్క సాధించి చెక్క ఇళ్లు కట్టించాడు, రోగుల్లో చేతులు పనిచేసేవాళ్లకి సుత్తి ఇచ్చి. అనాథ పిల్లలకి ఇల్లు పెట్టాడు. బ్యాండు మేళం పెట్టారు, పాటల జట్టు పెట్టారు. పుండ్లు కడిగి కట్లు కట్టాడు. వాళ్లతో ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నాడు. ఈ చివరిది తెలివైన పనా అంటే, ఆరోగ్యం లెక్కన కాదు. ఆయనతో పనిచేసినవాళ్లే చెప్పారు, శుభ్రత విషయంలో అస్సలు జాగ్రత్త లేదని. కోపం కూడా ఎక్కువే. ఆరోగ్య బోర్డు వాళ్లకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి చెక్క కావాలి, బట్టలు కావాలి, మందులు కావాలి అని ప్రాణం తీసేవాడు. తన పైపెద్దలతోనూ గొడవే. వాళ్లకి ఆయన తలనొప్పి. హక్కుల పని చేసేవాళ్లకి ఈ రకం మనుషులు బాగా తెలుసు. మర్యాదగా ఒకసారి అడిగి ఊరుకునేవాళ్ల వల్ల నీళ్ల పైపు రాదు.

ప్రభుత్వం ఆయన మీదా రూలు పెట్టింది. ఇక్కడ ఉంటే ఉండు, బయటికొస్తే మళ్లీ లోపలికి లేదు. తర్వాత సడలించారు గానీ మొదట్లో గట్టిగానే ఉంది. కతోలికులకి తెలుసు, ఫాదర్ అయినా ఇంకో ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చెయ్యాలి. ఒకసారి పైపెద్ద ఉన్న ఓడ అటు వచ్చింది. కెప్టెన్ ఎవరినీ దిగనివ్వలేదు, డామియన్‌ని ఎక్కనివ్వలేదు. అప్పుడు డామియన్ చిన్న పడవలో ఓడ పక్కకి వెళ్లి, కింద నుంచి గట్టిగా అరుస్తూ ఫ్రెంచ్ భాషలో తన పాపాలు చెప్పుకున్నాడు. పైన రెయిలింగ్ దగ్గర నిలబడి ఆ ఫాదర్ క్షమాపణ ప్రార్థన చెప్పాడు. ఓడలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లంతా విన్నట్టే.

ఇంకో విషయం. ఆయన ప్రసంగంలో రోగుల్ని మీరు అనేవాడు కాదు. మనం అనేవాడు. ఇది తనకి జబ్బు వచ్చాక మొదలుపెట్టాడని చాలా చోట్ల రాస్తారు. కాదు, వచ్చిన ఏడాదే అన్నకి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. తెలుగులో మేము వేరు, మనం వేరు కదా. హవాయి భాషలో కూడా ఆ రెంటికీ తేడా ఉంది. ఒంటి మీద ఒక్క మచ్చ లేనప్పుడే ఆయన వాళ్లతో కలిపి లెక్క వేసుకున్నాడు.

1884 డిసెంబరులో ఒక రోజు బాగా నడిచొచ్చి, కాళ్లు వేడినీళ్లలో పెట్టుకున్నాడు. నీళ్లు మరిగిపోతున్నాయి. చర్మం ఉడికి బొబ్బలు లేచాయి గానీ ఆయనకి వేడి తెలియలేదు. పదకొండేళ్లు రోగుల మధ్య ఉన్నవాడికి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత డాక్టరు ఆర్నింగ్ పరీక్ష చేసి ఖాయం చేశాడు.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి, ఎందుకంటే దేవుని చిత్తం అనే మాట ఇక్కడే వస్తుంది. డామియన్ తన జబ్బుని దేవుని చిత్తంగా ఒప్పుకున్నాడు, ఉత్తరాల్లో అదే రాశాడు. ఈ చోటు వదిలిపెట్టడమే వైద్యానికి వెల అయితే ఆ వైద్యం తనకి వద్దని కూడా రాశాడు. ఈ ముక్క ఒక్కటే తీసుకుని, చూశారా ఆయన మందులు వద్దన్నాడు అని చెప్పేవాళ్లుంటారు. అది తప్పు. ఆయన ఏ మందు దొరికితే అది వాడాడు. 1886లో హోనొలులు వెళ్లి, జపాన్ డాక్టరు మసనావో గోతో పద్ధతి ప్రకారం వేడి మూలికా స్నానాలు, మాత్రలు తీసుకున్నాడు. కొంచెం తేలిక అనిపించగానే అవే స్నానాల గదులు మొలొకైలో మిగతా రోగులకి కూడా కావాలని పట్టుబట్టాడు. 1888 చివర్లో ఎడ్వర్డ్ క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు గుర్జన్ నూనె పట్టుకుని వచ్చాడు. మన అండమాన్‌లో రోగుల మీద వాడి చూసిన నూనె అది. అదీ పూసుకున్నాడు. ఏదీ నయం చెయ్యలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో నయం చేసే మందే లేదు. ప్రార్థన ఆపలేదు, మందు ఆపలేదు, సుత్తి కూడా కింద పెట్టలేదు. గుడి పెద్దది చేసే పని చివరి నెలల దాకా సాగింది. ఆయన ఒప్పుకున్న దేవుని చిత్తం జబ్బు విషయంలో. చెక్క రాకపోవడం, డాక్టరు లేకపోవడం దేవుని చిత్తమని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. అవి ఆరోగ్య బోర్డు నిర్లక్ష్యం అని ఆయన లెక్క.

ఇదంతా నవ్వుతూ భరించాడని కూడా అనుకోకండి. ఒంటరితనం పిండేసింది. తన మఠం నుంచి మంచి తోడు ఫాదర్ కావాలని ఏళ్ల తరబడి అడిగాడు. చివరి రోజుల్లో తను పరలోకానికి తగనేమో అన్న దిగులు కూడా పట్టుకుంది. అంత చేసిన మనిషికే ఆ దిగులు వచ్చిందంటే, రాత్రి డ్యూటీ అయ్యాక మంచం మీద కూర్చుని నన్నెందుకు దేవుడా అని మీరు అడగడం విశ్వాసం లేకపోవడం కింద ఎలా లెక్కవుతుంది?

పైగా నింద. కుష్టు అంటే సిఫిలిస్ రోగం ముదిరి వచ్చేదే అని అప్పట్లో కొందరు డాక్టర్లే అనేవాళ్లు. అంటే జబ్బు వచ్చిందంటే ఆడవాళ్లతో తప్పు చేసినట్టే అని. ఆ మాట డామియన్ దాకా వచ్చింది. చచ్చిపోయాక కూడా ఆగలేదు. హోనొలులులో ఉన్న హైడ్ అనే ప్రొటెస్టెంట్ పెద్ద ఆయన్ని మురికివాడు, మొండివాడు, నడవడి మంచిది కాదు అంటూ ఉత్తరం రాస్తే అది పత్రికల్లో పడింది. అది చదివి రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అనే పెద్ద రచయిత మండిపడి 1890లో బహిరంగ లేఖ అచ్చు వేయించాడు. ఆయనా కతోలికుడు కాదు, ప్రొటెస్టెంట్ ఇంట్లో పుట్టినవాడే. కాకపోతే డామియన్ పోయిన కొన్ని వారాలకే ఆ కాలనీకి వెళ్లి, అక్కడ రోగుల మధ్య ఎనిమిది రోజులు ఉండి వచ్చాడు. కళ్లతో చూసి రాశాడు.

నిజానికి జబ్బు కారణం అప్పటికే తెలుసు. డామియన్ మొలొకైలో దిగిన ఆ 1873లోనే నార్వే దేశంలో హాన్సెన్ అనే డాక్టరు కుష్టు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని కనిపెట్టాడు. పాపం వల్లా కాదు, శాపం వల్లా కాదు. కానీ ఆ సంగతి జనం నోటిదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మనూళ్లలో ఇంకా రాలేదేమో.

ఇంటికి మాత్రం ఆయన జబ్బు సంగతి చెప్పలేదు. తల్లికి తెలియకూడదని జాగ్రత్త పడ్డాడు. ఇక్కడ డయాలసిస్ మంచం మీద నుంచి వీడియో కాల్ వస్తే కెమెరా మొహం మీదే పెట్టి, బాగానే ఉన్నానమ్మా అనేవాళ్లకి ఇది కొత్త కాదు. కానీ ఆయన పేరు అప్పటికే లోకమంతా పాకింది, పత్రికలు వదల్లేదు. వార్త బెల్జియంలో తల్లి దాకా చేరింది. 1886 ఆగస్టులో ఆ ముసలావిడ చనిపోయింది.

చివరి మూడేళ్లలో సాయం వచ్చింది. అమెరికా సివిల్ వార్‌లో సైనికుడిగా చేసిన జోసెఫ్ డటన్ 1886లో వచ్చాడు, దాదాపు నలభై ఐదేళ్లు అక్కడే సేవ చేశాడు. 1888 నవంబరులో మదర్ మరియాన్ కోప్ తన సిస్టర్లతో వచ్చింది. ఆమె ముప్ఫై ఏళ్లు అక్కడే ఉంది, జబ్బు అంటుకోలేదు, ఎందుకంటే చేతులు కడుక్కోవడం దగ్గర ఆమె రాజీ పడలేదు. డామియన్ 1889 ఏప్రిల్ 15న పోయాడు. పవిత్ర వారం మొదలైన సోమవారం. వయసు 49. అడిగినట్టే ఆ మొగలి చెట్టు కిందే పాతిపెట్టారు.

నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్లకి డిచ్‌పల్లి తెలుసు కదా. అక్కడి కుష్టు ఆసుపత్రి 1915లో మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జి పెట్టారు, నిజామాబాద్ రాజా నర్సాగౌడ్ డబ్బు ఇచ్చాడు. ఒక క్రైస్తవ డాక్టరమ్మ, ఒక హిందూ దాత. డామియన్ పేరు మీద బెల్జియంలో పెట్టిన డామియన్ ఫౌండేషన్ మన నెల్లూరులో కూడా కుష్టు, టీబీ రోగులకి పనిచేసింది. అంటే ఆ కథ మనకి మరీ దూరం కాదు.

ఇప్పుడు కుష్టు పూర్తిగా నయమయ్యే జబ్బు. 1981 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఎండీటీ అనే మాత్రల కోర్సు ఉంది. ఆరు నెలలు, ముదిరితే పన్నెండు నెలలు. మన దేశంలో ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకి అంటదు. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, దాని మీద గిల్లినా, వేడి తగిలినా తెలియకపోతే దాచుకోకండి, చూపించుకోండి. టీబీ మాత్రలు కూడా దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి. ఎవరైనా దేవుడి పేరు చెప్పి ఆపమంటే, డామియన్ ఏం చేశాడో అడగండి.

హవాయిలో ఆ వేరు చేసే చట్టం 1969 దాకా ఉంది. అప్పటికి సుమారు 8,000 మందిని అక్కడికి పంపారు, ఎక్కువ మంది స్థానిక హవాయి జనమే. గేటు తీసేశాక కొందరు బయటికెళ్లారు, కొందరు వెళ్లలేదు. బయట వాళ్లకోసం ఎదురుచూసే ఇల్లు లేదు, స్నేహితులూ సమాధులూ అన్నీ అక్కడే.

డామియన్ని కూడా అక్కడే ఉండనివ్వలేదు. 1936లో బెల్జియం ప్రభుత్వం ఆయన శవాన్ని అడిగి తీసుకుపోయింది. సమాధి తవ్వుతుంటే మొలొకై జనం ఏడ్చారు. ఆంట్‌వెర్ప్ రేవులో ఆ దేశపు రాజే వచ్చి పెట్టెని అందుకున్నాడు. 73 ఏళ్ల కింద వదిలిపోయిన దేశానికి అలా చేరాడు, లూవెన్‌లో పెట్టారు. 2009లో పోపు పదహారవ బెనెడిక్ట్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు. అంతకుముందు 1995లో ధన్యుడిగా ప్రకటించినప్పుడు, మొలొకై వాళ్లకి ఒక్కటి తిరిగి ఇచ్చారు. ఆయన కుడి చెయ్యి. పెట్టెలు చేసిన చెయ్యి. దాన్ని తీసుకెళ్లి కలవావోలో ఆ పాత సమాధిలోనే పెట్టారు.